రేపటి డాలరు – నేటి బేరం

నూజివీడు ప్రాంతంలో మామిడి తోటలు పూతమీద ఉండగానే బేరం కుదరడం పరిపాటి. కాయ కోతకు వచ్చే నాటికి ధర పెరుగుతుందో, పడిపోతుందో రైతుకూ తెలియదు, వ్యాపారికీ తెలియదు. అయినా ఇద్దరూ ఒక మొత్తానికి ఒప్పుకొని బయానా ఇచ్చి పుచ్చుకొంటారు. వేసవిలో ధర మండిపోతే రైతు తొందరపడ్డానని నొచ్చుకొంటాడు. గాలివానకు కాయ రాలిపోతే బతికిపోయానని ఊరట చెందుతాడు. బేరం మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకటే. తెలియని రేపటి ధరను తెలిసిన నేటి ధరతో ముడివేయడమే అందులోని కీలకం. విదేశాలతో వ్యాపారం చేసే కంపెనీలు డాలర్ల విషయంలో చేసే పని కూడా స్థూలంగా ఇటువంటిదే.

ఒకప్పుడు ఈ అవసరం అంతగా ఉండేది కాదు. 1944లో బ్రెటన్ వుడ్స్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రధాన దేశాల ద్రవ్యాల విలువను డాలరుతోను, డాలరు విలువను బంగారంతోను ముడిపెట్టారు. 1971లో అమెరికా ఆ బంగారు ముడిని విప్పివేసింది. 1973 నాటికి ప్రధాన ద్రవ్యాల మారకపు ధరలు విపణిలో ప్రతిదినం హెచ్చుతగ్గులకు లోనుకావడం మొదలైంది. అప్పటినుండి సరకు అమ్మిన రోజుకూ, సొమ్ము చేతికందే రోజుకూ మధ్యనున్న వ్యవధి వ్యాపారికి గండంగా పరిణమించింది.

ఆ గండం ఎంతటిదో బ్రిటన్‌కు చెందిన లేకర్ ఎయిర్‌వేస్ చరిత్ర చెబుతుంది. చవక టిక్కెట్లతో సామాన్యులను అట్లాంటిక్ దాటించిన ఈ సంస్థకు రాబడిలో పెద్ద భాగం పౌండ్లలో ఉండేది. విమానాల కోసం చేసిన అప్పులు మాత్రం డాలర్లలో ఉన్నాయి. 1981లో డాలరు బలపడి పౌండు చిక్కిపోయేసరికి అవే వాయిదాలు చెల్లించడానికి మునుపటికంటె ఎక్కువ పౌండ్లు కావలసివచ్చాయి. ఆర్థికమాంద్యం, పెద్ద సంస్థల పోటీ కూడా తోడై 1982 ఫిబ్రవరిలో లేకర్ మూతపడింది.

ఇటువంటి నష్టానికి ముందుగానే అడ్డుకట్ట వేసికోవడాన్ని హెడ్జింగ్ అంటారు. ఆ ఆంగ్ల పదానికి కంచె అని అర్థం. కంచె వేసినంత మాత్రాన పంట పెరగదు. పశువులు మేయకుండా ఉంటుంది. ఈ కంచెకు వాడే సాధనాలే డెరివేటివ్‌లు. వీటికి స్వతహాగా విలువ లేదు. డాలరు వంటి మరొక వస్తువు ధరనుండి విలువను పొందుతాయి. వీటిలో సరళమైనది ఫార్వర్డ్ కాంట్రాక్టు. నిర్ణీత దినాన, నిర్ణీత ధరకు, ఇన్ని డాలర్లు కొంటామనో అమ్ముతామనో బ్యాంకుతో చేసికొనే కట్టుబాటు ఇది. ఆ ధర బ్యాంకు చెప్పే జోస్యమేమీ కాదు. ఆనాటి మారకపు ధరకు, రెండు దేశాల వడ్డీరేట్ల మధ్య ఉన్న తేడాను కలిపి లెక్కకట్టినది మాత్రమే. రెండవ సాధనం ఆప్షన్. దీనిలో కంపెనీకి హక్కు ఉంటుంది, బాధ్యత ఉండదు. ధర తనకు లాభించేటట్లుంటే కాంట్రాక్టును పక్కనపెట్టి విపణిలోనే కొనవచ్చు. అయితే ఆ సౌకర్యానికి బీమా వలె ముందుగా ప్రీమియం చెల్లించాలి. అది తిరిగి రాదు.

ఈ సాధనాల బలమూ, వాటిని వాడేవారి ఇక్కట్టూ పశ్చిమ జర్మనీలో జరిగిన ఒక వ్యవహారంలో చక్కగా తేటపడతాయి. 1985 జనవరిలో లుఫ్తాన్సా విమానసంస్థ అధిపతి హైంజ్ రూనౌ అమెరికానుండి ఇరవై బోయింగ్ 737 విమానాలను కొనడానికి ఒప్పందం కుదుర్చుకొన్నాడు. వెల 50 కోట్ల డాలర్లు. చెల్లింపు ఏడాది తరువాత, విమానాలు చేతికి వచ్చినప్పుడు. అప్పుడు డాలరు సుమారు 3.2 మార్కులు పలుకుతున్నది. ఆ లెక్కన 160 కోట్ల మార్కులు కావాలి. ఐదేళ్లుగా డాలరు పైపైకే పోతున్నది. ఏడాదిలో అది 4 మార్కులకు చేరితే భారం 200 కోట్లకు పెరుగుతుంది. ఇంత ఎత్తుకు ఎక్కిన డాలరు ఇక దిగక తప్పదని తోచినా, ఎప్పుడు దిగుతుందో ఎవరు చెప్పగలరు? రూనౌ మధ్యేమార్గం పట్టాడు. సగం సొమ్ముకు, అంటే 25 కోట్ల డాలర్లకు, 3.2 మార్కుల చొప్పున ఫార్వర్డ్ కాంట్రాక్టు చేసి తక్కిన సగాన్ని విపణికి వదిలివేశాడు.

ఫిబ్రవరిలో డాలరు ఇంకా పెరిగింది. ఆ తరువాత దారి మళ్లింది. సెప్టెంబరులో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల ఆర్థికమంత్రులు న్యూయార్కులోని ప్లాజా హోటలులో సమావేశమై డాలరు విలువను తగ్గించడానికి అంగీకరించడంతో పతనం మరింత వేగాన్ని అందుకొన్నది. 1986 జనవరి నాటికి డాలరు 2.3 మార్కులకు దిగింది. కట్టుబడిన సగానికి 80 కోట్లు, తక్కిన సగానికి 57.5 కోట్లు, మొత్తం 137.5 కోట్ల మార్కులు లుఫ్తాన్సా చెల్లించింది. అసలు కాంట్రాక్టే చేయకుంటే 115 కోట్లతో సరిపోయేది.

22.5 కోట్ల మార్కులు గాలికిపోయాయని విమర్శకులు రూనౌపై విరుచుకుపడ్డారు. డాలరు శిఖరాన ఉండగా కొనడం ఒక తప్పు, కాంట్రాక్టు చేయడం మరొక తప్పు అన్నారు. ఈ విమర్శలో న్యాయం పాలు తక్కువ. 1986 జనవరిలో తెలిసిన ధరను చేతబట్టుకొని 1985 జనవరిలో చేసిన నిర్ణయాన్ని తూచడం, ఇల్లు తగలబడలేదు కనుక బీమా కట్టడం దండగ అనడం వంటిది. డాలరు 4 మార్కులకు చేరి ఉంటే ఇదే కాంట్రాక్టు సంస్థకు 20 కోట్లు మిగిల్చేది. అప్పుడు ఆ నోళ్లే సగంతో ఎందుకు ఆగావని నిలదీసి ఉండేవి.

ఆప్షన్ ఎందుకు వాడలేదన్న ప్రశ్నకు మాత్రం బలముంది. మొత్తం సొమ్ముకు ఆరు శాతం ప్రీమియం అనుకొంటే దానికి 9.6 కోట్ల మార్కులు ఖర్చయ్యేది. డాలరు ఎంత పెరిగినా భారం 169.6 కోట్లను మించదు, 2.3కు దిగినప్పుడు 124.6 కోట్లతో పని ముగుస్తుంది. అయితే ఒక్క డాలరు కూడా చేతులు మారకముందే అంత సొమ్మును రుసుముగా ధారపోయడానికి ఏ అధిపతికైనా గుండెధైర్యం కావాలి.

ఇంకొక కోణం కూడా ఉన్నది. అట్లాంటిక్‌మీద విమానాలు నడిపే సంస్థకు అమెరికాలో అమ్మే టిక్కెట్ల ద్వారా డాలర్లు వస్తూనే ఉంటాయి. డాలరు బలపడితే విమానాల వెల పెరుగుతుంది. ఆ రాబడి విలువా పెరుగుతుంది. ఏ కాంట్రాక్టూ లేకుండానే ఒకదానినొకటి కొంతవరకు సరిచేస్తాయి. అందుచేత రావలసినవీ, ఇవ్వవలసినవీ పోల్చి, మిగిలిన తేడాకు మాత్రమే కంచె వేయడం వివేకవంతుల పద్ధతి.

భారతదేశంలో ఈ పాఠం కష్టంమీద ఒంటబట్టింది. 2007 ఆరంభంలో డాలరుకు 44 రూపాయలకు పైగా ఉన్న ధర ఆ ఏడాది చివరికి 39 రూపాయల స్థాయికి దిగింది. పది లక్షల డాలర్ల రొయ్యలను ఎగుమతి చేసే భీమవరం వ్యాపారి ఒకరున్నారనుకొంటే, అతనికి దాదాపు యాభై లక్షల రూపాయలు తరుగుపడినట్లే. చెరువుగట్టున రైతుకు చెల్లించే సొమ్ము రూపాయలలోనే కదా. డాలర్లలో సంపాదించి రూపాయలలో జీతాలిచ్చే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలదీ ఇదే అవస్థ. రూపాయి ఇంకా బలపడుతుందన్న భయంతో ఎగుమతిదారులు రాబోయే డాలర్లను ముందుగానే అమ్ముకొన్నారు. అంతవరకు సబబే. కొందరు అక్కడ ఆగలేదు. తమకు ఏ వ్యాపారమూ లేని యెన్, స్విస్ ఫ్రాంక్ ద్రవ్యాలమీద, నిబంధనలు సరిగా బోధపడని సంక్లిష్టమైన కాంట్రాక్టులమీద సంతకాలు చేశారు. అది కంచె కాదు, పందెం. 2008లో మారకపు ధరలు తలకిందులై, నవంబరు నాటికి డాలరు 50 రూపాయలకు చేరేసరికి పలు సంస్థలు భారీగా నష్టపోయి బ్యాంకులతో న్యాయస్థానాలలో వివాదాలకు దిగాయి. డెరివేటివ్‌ల అమ్మకంలో నిబంధనలను ఉల్లంఘించినందుకు 2011 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు 19 బ్యాంకులకు జరిమానా విధించింది.

ఆ కల్లోలం సాగుతుండగానే, 2008 ఆగస్టులో, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు–రూపాయి ఫ్యూచర్స్ మొదలయ్యాయి. ఫార్వర్డ్ కాంట్రాక్టును అందరికీ ఒకే కొలతలో కుట్టి బహిరంగ విపణిలో అమ్మడమే ఫ్యూచర్స్. ఒక్కొక్క కాంట్రాక్టు వెయ్యి డాలర్లకు కనుక చిన్న ఎగుమతిదారుకూ అది అందుబాటులోకి వచ్చింది. ధర ఊగిసలాటమీద పందెం కాసేవారు కూడా పెద్దసంఖ్యలో చేరారు. నిజంగా విదేశీ ద్రవ్యంతో లావాదేవీ ఉన్నవారే ఈ కాంట్రాక్టులలోకి దిగాలని 2024లో రిజర్వు బ్యాంకు స్పష్టం చేయడంతో ఆ విపణిలో రద్దీ ఒక్కసారిగా తగ్గిపోయింది.