పచ్చని భవనంలో తగ్గే బిల్లు ఎవరిది?

న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో, 111, 112 వీధుల మధ్య ‘సెండెరో వెర్దే’ అనే భవన సముదాయం ఉంది. మొత్తం 709 ఫ్లాట్లు. ఫ్లాట్లన్నీ ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకే. ఇల్లు లేక షెల్టర్లలో గడిపినవాళ్లకూ అందులో వాటా ఉంది. దీన్ని పాసివ్ హౌస్ (లోపలి వెచ్చదనం బయటికి, బయటి ఎండ వేడి లోపలికి పోకుండా కట్టే పద్ధతి) ప్రమాణాలతో కట్టారు.

ఆ పద్ధతిలో గోడల చుట్టూ వేడిని ఆపే మందపాటి పొర వేస్తారు. గాలి చొరబడే సందులన్నీ మూసేస్తారు. మరి ఊపిరాడేదెలా? ఒక యంత్రం లోపలి గాలిని బయటికి పంపి, బయటి గాలిని వడగట్టి లోపలికి తెస్తుంది. చలికాలంలో వెళ్లే గాలి వెచ్చదనాన్ని వచ్చే గాలికి అందిస్తుంది. దీనికి భిన్నంగా, న్యూయార్క్ పాత అపార్టుమెంట్లలో వెచ్చదనం ఆవిరి గొట్టాల ద్వారా వస్తుంది. దాన్ని తగ్గించుకునే వీలు చాలామందికి ఉండదు. జనవరి చలిలోనూ ఉక్క భరించలేక కిటికీలు తీసిపెట్టుకుంటారు. కాల్చిన ఇంధనమంతా వీధిపాలు.

ఇంత ఉపయోగమున్న పద్ధతి అద్దె ఇళ్లన్నిటికీ ఎందుకు రాలేదు? కొత్త కిటికీలకు డబ్బు పెట్టాల్సింది యజమాని. చాలా ఇళ్లలో తగ్గేది మాత్రం అద్దెకున్నవాళ్ల బిల్లు. దీన్ని స్ప్లిట్ ఇన్సెంటివ్ (ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది) అంటారు. యజమాని ముందుకొచ్చి బాగుచేయించినా, అద్దె పెంచితే పాతవాళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇల్లు పచ్చబడుతుంది, ఆ ఇంట్లోవాళ్లే ఉండరు. అమెరికాలో పేద కుటుంబాలు కరెంటు, గ్యాస్ వగైరాలకు పెట్టే ఖర్చు, ఆదాయంలో వాటాగా చూస్తే, మిగతావాళ్లకు సుమారు మూడు రెట్లు.

దీని వెనక పాత చరిత్ర కూడా ఉంది. 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులు గీయించింది. నల్లజాతివాళ్లు, వలసవచ్చినవాళ్లు ఉండే పేటలకు ఎక్కువగా ఎర్రరంగు పడింది. గృహరుణం ఇస్తే ప్రమాదమని దాని అర్థం. పెట్టుబడి రాని ఆ పేటల్లో చెట్లు తక్కువ, తారు, కాంక్రీటు ఎక్కువ. 108 నగరాలపై 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆ పేటల్లో నేల ఉపరితలం మిగతాచోట్లకన్నా సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంటోంది. వేడి ప్రాణాలూ తీస్తుంది. 1995 జులైలో షికాగో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంటరి వృద్ధులు, పేదలు.

భవనాలకు లీడ్ (పర్యావరణహిత భవనాలకిచ్చే అమెరికా రేటింగు) ఇచ్చే సంస్థ 2014లో సామాజిక న్యాయానికి ప్రయోగాత్మకంగా పాయింట్లు పెట్టింది. 2025లో వచ్చిన ఐదో వెర్షన్‌లో, చుట్టుపక్కల మనుషులపై భవనం ప్రభావమేమిటో అంచనా వేయడం తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ అంచనా కాగితం అద్దె తగ్గించదు. డబ్బు వచ్చే దారిలోనే షరతు పెట్టడం బలమైన పద్ధతి. పెన్సిల్వేనియా రాష్ట్రం ఆ పనే చేసింది. పేదల ఇళ్లు కట్టే బిల్డర్లకు 1986 నుంచి కేంద్రం పన్ను రాయితీ ఇస్తోంది. దాన్ని పంచేది రాష్ట్రాలు. దరఖాస్తులు ఎక్కువ, రాయితీలు తక్కువ కాబట్టి మార్కులు వేస్తారు. ఆ మార్కుల జాబితాలో పాసివ్ హౌస్‌ను చేర్చగానే బిల్డర్లు పోటీపడి ఆ పద్ధతి నేర్చుకున్నారు. ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు.

న్యూయార్క్ 2019లో జరిమానా దారి పట్టింది. స్థానిక చట్టం 97 ప్రకారం పెద్ద భవనాలు పరిమితికి మించి విడుదల చేసే ప్రతి టన్ను కార్బన్‌కు 268 డాలర్లు కట్టాలి. అద్దె నియంత్రణ ఫ్లాట్లు 35 శాతానికి మించిన భవనాలకు మాత్రం వేరే దారి ఇచ్చింది. గొట్టాలకు తొడుగులు, లీకుల మరమ్మతులు వంటి చౌక పనులు చేయిస్తే చాలు. అద్దెలు పెరగకుండా ఇది కాపాడుతుంది. పాత బాయిలర్లు మాత్రం అలాగే ఉండిపోవచ్చు. వాటిని మార్చే ఖర్చును ప్రభుత్వం భరిస్తేనే ఈ చిక్కు వీడుతుందని నా అభిప్రాయం.

మన దగ్గరా ఇదే ప్రశ్న ఉంది. అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం భవనం హైదరాబాద్‌లోని గ్రీన్ బిజినెస్ సెంటర్. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే కప్పు) విధానం తెచ్చింది. సొంతంగా కట్టుకునే ఇళ్లలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే అది తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. రేకుల గదుల్లో అద్దెకుండేవాళ్లు ఆ కోవలోకే వస్తారు. పైఅంతస్తు గాని, రేకుల గది గాని అద్దెకిచ్చినవాళ్లు వచ్చే ఎండాకాలానికి ముందే కప్పుకు తెల్లరంగు వేయించండి. దాని పేరుతో అద్దె పెంచకండి.