ఆవిరి మాయమైన చోట

మైలాపూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. న్యూయార్కులో ఆమె కూతురు ఉండే అపార్ట్‌మెంటు బాగా పాతది. చలికాలంలో గది వెచ్చబడడానికి కిటికీ కింద ఇనప రేడియేటరు ఉందట. తెల్లవారుజామున అది సుత్తి పెట్టి బాదినట్టు మోగుతోందట. ‘మాడవీధి పక్కన మా ఇంట్లోనూ మోటారు ఆపగానే పైపు ధన్‌మంటుంది. రెండూ ఒకటేనా?’ అని అడిగారు. ఈ ప్రశ్న చూశాక వేరే విషయం రాయబుద్ధి కాలేదు.

రెండూ ఒకటి కాదు. మోటారు ఆగితే పైకెక్కుతున్న నీరు వెనక్కి తిరుగుతుంది. నాన్‌రిటర్న్ వాల్వు మూసుకుని దాన్ని ఉన్నపళంగా ఆపేస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఇనప పైపులో అలా ఆపితే, ఒత్తిడి సుమారు 13 వాతావరణాల మేర ఎగబాకుతుంది. 19వ శతాబ్దం చివర్లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ తేల్చిన లెక్క ఇది.

రేడియేటరులో జరిగేది ఇంకా అద్భుతం. కింద బాయిలరులో పుట్టిన ఆవిరి పైకొచ్చి, గదికి వేడినిచ్చి, నీరై తిరిగి దిగిపోవాలి. చాలా పాత ఇళ్లలో ఆ రాకపోకలన్నీ ఒకే పైపులో.

వేడికి ఇనుము సాగడం వల్లే ఆ మోత అని చాలామంది చెబుతారు. సాగితే టిక్కుటిక్కుమంటుంది తప్ప గోడలు అదరవు. ఆవిరే వచ్చి గుద్దుతోందని ఇంకొందరంటారు. అదీ సగమే నిజం. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఇప్పుడు దీన్నే వెనక్కి నడిపించండి. ఏళ్ల తరబడి ఇల్లు కుంగి, పైపు ఒకచోట వేలెడంత దిగిందనుకోండి. అక్కడ చల్లబడ్డ నీరు నిలుస్తుంది. దాని మీదుగా దూసుకుపోయే ఆవిరి అలలు లేపుతుంది. ఒక అల పైపు కప్పును అంటుకోగానే కాస్త ఆవిరి నీటి మధ్య చిక్కుబడిపోతుంది. చుట్టూ చల్లని నీరే కనుక అది క్షణంలో నీరైపోతుంది. 1,670 వంతుల చోటులో మిగిలేది ఒక వంతు! ఖాళీ అయిన చోటికి రెండువైపుల నుంచీ నీరు ఉరుకుతుంది. దెబ్బను మెత్తబరచడానికి మధ్యలో గాలి కూడా ఉండదు. మీ అమ్మాయిని నిద్రలేపే చప్పుడు అదే. ఓడల ప్రొపెల్లర్లను నీటి బుడగలు ఎలా తినేస్తాయో తెలుసుకోవడానికి 1917లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఇలాంటి ఖాళీ నలిగిపోయే లెక్కే కట్టాడు.

ఇది చిన్న విషయమేమీ కాదు. 2007 జులై 18న మన్‌హటన్‌లో, 1924లో వేసిన వీధి ఆవిరి పైపు సరిగ్గా ఇలాగే పేలి ఒకరు చనిపోయారు. వాన నీరు చేరి పైపును చల్లబరిచింది. లోపల చేరిన నీటిని బయటికి పంపే ట్రాపులేమో, అంతకుముందు లీకు ఆపడానికి ఎక్కించిన సీలెంటు అడ్డుపడి మూసుకుపోయాయి.

ఇక రిపేరు సంగతి. వేడి చాలడం లేదని బాయిలరు ఒత్తిడి పెంచేస్తుంటారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇళ్లకు 2 పీఎస్ఐ లోపు చాలు. రేడియేటరు మీద రసమట్టం పెట్టి చూసి, నీరు పైపు కలిసే చోట ఉన్న వాల్వు వైపు జారేలా అవతలి కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాలి. వాల్వు పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తెరిస్తే దిగాల్సిన నీరు దిగదు. బాయిలరు గాజుగొట్టంలో నీటిమట్టం మాటిమాటికీ తగ్గుతుంటే, నేలలో పూడ్చిన తిరుగు పైపు కారుతుండవచ్చు. నీరు పోసుకుంటూ కూర్చుంటే ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ వెళ్లి ఇనుమును తినేస్తుంది.

ఈ వాలు లెక్క ఒంటి పైపు రేడియేటర్లకే. రెండు పైపులుంటే నీరు రెండో కొసన ఉన్న ట్రాపు వైపు జారాలి. అందుకని చెక్కముక్క పెట్టబోయే ముందు మీ అమ్మాయిని పైపులు ఒకటో రెండో చూడమనండి.