మీటల ఫోను: చేతికి అనువు, లిపికి ఇరుకు

ఒక వస్తువు రూపకల్పన మంచిదా కాదా అన్నది దుకాణపు అద్దాల వెనుక తేలే విషయం కాదు. వాడేవారి వేళ్ల కింద తేలవలసినది. సరూర్‌నగర్ రైతు బజారులో తడిచేతులతో కూరలు తూచేవారికి మీటల ఫోను ఎంతవరకు అనువైనదో, ఈ దృష్టితోనే మేము పరిశీలించదలచాము.

నోకియా సంస్థ 2003లో విడుదల చేసిన 1100 నమూనా ఇందుకు చక్కని ఉదాహరణ. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఈ ఫోనుకు కెమెరా లేదు, రంగుల తెర లేదు. అయితే మీటలపై దుమ్ము చొరని పొర, జారిపోని పక్కలు, తలభాగాన టార్చిలైటు ఉన్నాయి. కరెంటు కోతలను ఎరిగినవారికే ఇటువంటి ఆలోచన తట్టుతుంది! ఇక సాధారణంగా మీటల ఫోనులలో 5వ అంకెపై చిన్న బొడిపె ఉంటుంది. చూపు లేనివారు దానిని తడిమి తక్కిన అంకెల స్థానాలను గ్రహించగలరు. ఇంత చిన్న గుర్తుతో ఇంత మేలు చేకూర్చిన ఏర్పాటు అరుదు.

చిక్కంతా లిపి దగ్గర వచ్చింది. 2 నుండి 9 వరకు ఎనిమిది మీటలపై 26 ఇంగ్లీషు అక్షరాలు సులభంగా సర్దుకున్నాయి. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అక్కడ ఎట్లా ఇముడుతాయి? ఒక సందేశంలో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి; తెలుగుకైనా ఉర్దూకైనా 70 మాత్రమే. పైగా ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలే గాని యంత్రానికి ఏడు గుర్తులు. ఉర్దూకు ఒత్తుల బాధ లేకపోయినా, పొరుగు అక్షరాన్ని బట్టి రూపు మార్చుకొనే ఆ లిపికి, ముఖ్యంగా నస్తాలీఖ్ వంపులకు, చిన్న తెర చాలదు.

ఫలితంగా ఉర్దూ మాత్రమే చదవగల నానీమా, తెలుగు మాత్రమే చదవగల అమ్మమ్మ ఒకే ఇబ్బందికి లోనవుతున్నారు. బ్యాంకు పంపిన రహస్య సంఖ్య ఏదో తెలియక, ఇంగ్లీషు సందేశాన్ని ఇతరులచేత చదివించుకోవలసి వస్తే ఇక రహస్యమేది?

2017లో వచ్చిన జియోఫోనులో దేశభాషల మెనూలు చేరాయి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన ‘యూపీఐ 123పే’ వల్ల మీటల ఫోనుతోనే, ఫోనులో వినిపించే సూచనలను అనుసరించి డబ్బు చెల్లించే వీలు కలిగింది. చదువురానివారికి చెవి మార్గమే మేలని మా అభిప్రాయం.

దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో పెద్దలకు ఫోను కొనబోయే విద్యార్థి మిత్రులకు ఒక మనవి. వెల చూడకముందే ఫోనును ఆ పెద్దల చేతికివ్వండి. తెరపై పేరు వారి లిపిలో కనబడుతున్నదా, కళ్లు మూసుకొని 5వ మీటను తాకగలరా, గంట శబ్దం బజారు రొదలో వినబడుతున్నదా అని వారినే అడగండి.