పేరు లేని గాలి

మే నెల సాయంత్రం నాలుగు దాటాక తిరువూరులో ఖమ్మం వైపు ఆకాశం చూసేవాళ్లకు ఈ వరస కంఠతా వచ్చు. అప్పటిదాకా ఆకు కదలదు, ఒళ్లంతా ఉక్క. వాయవ్యాన ఒక నల్లటి గోడ లేస్తుంది. ముందు చల్లటి గాలి, దాని వెనకాలే దుమ్ము, ఆపైన వాన. అరగంటలో అంతా సర్దుకుంటుంది. ఆ అరగంట తర్వాత తోటలోకి వెళితే ఏడాది కష్టం నేల మీద పరిచి ఉంటుంది.

నూజివీడు, విస్సన్నపేట, ఎ.కొండూరు, తిరువూరు... ఇది బంగినపల్లి, కలెక్టర్, చిన్నరసం, పెద్దరసం పండే నేల. మామిడికాయ పొడుగాటి తొడిమకు వేలాడుతుంది కాబట్టి గాలికి ఊయలలా ఊగుతుంది. కాయ బరువెక్కి, కోతకు పది రోజులుందనగా ఈదురుగాలి రావడమే ఈ పంటకున్న అసలు గండం. రాలిన కాయకు దెబ్బ తగిలిన చోట నల్లబడుతుంది. పక్వానికి రాని కాయ ఎంత మాగవేసినా తీపెక్కదు. దానికి మిగిలేది పచ్చడి, లేదంటే ఒరుగులు. ఒక్క పూటలో ఊరి తోటలన్నిట్లోంచీ అదే కాయ బజారుకొస్తే ధర ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు.

ప్రతి పెనుగాలీ ఈదురుగాలి కాదు. వాతావరణ శాఖ లెక్కలో ఈదురుగాలి (స్క్వాల్) అనిపించుకోవాలంటే గాలి వేగం హఠాత్తుగా గంటకు కనీసం 29 కిలోమీటర్లు పెరగాలి, మొత్తం వేగం 40కి చేరాలి, కనీసం ఒక నిమిషం నిలవాలి. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 50 కిలోమీటర్ల గాలికి కాయ రాలిన తోటలో 100 కిలోమీటర్ల గాలికి చెట్టే వేళ్లతో లేచిరావడం అందుకే.

మేడారం అడవి చెప్పిన సాక్ష్యం

మన దగ్గర టోర్నడోలేమిటి, సుడి తిరిగే పెనుగాలులేమిటి అనుకునేవాళ్లు 2024 ఆగస్టు 31 సాయంత్రాన్ని తలుచుకోవాలి. తిరువూరుకు ఉత్తరాన, ఆకాశమార్గంలో సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గంటా రెండు గంటల వ్యవధిలో 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. వందల ఎకరాల అడవి కొడవలితో కోసినట్టు పడిపోయింది. అడవి కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. అదే గాలి ఊళ్ల మీదికి మళ్లి ఉంటే ఏమయ్యేదో అనుకోవడానికే భయమేస్తుంది. మర్నాటికల్లా విజయవాడను బుడమేరు ముంచేయడంతో మన కళ్లన్నీ అటే తిరిగాయి. అడవి కూలిన సంగతి రెండు మూడు రోజులు ఆలస్యంగా జనానికి తెలిసింది.

అది టోర్నడోనా, మరొకటా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి నేర్పినవాడు జపాన్‌లో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా. 1945 ఆగస్టు 9న అమెరికా విమానం అణుబాంబుతో ముందు బయలుదేరింది కోకురా నగరానికి. ఫుజిటా అప్పుడు ఆ ప్రాంతంలోనే పాఠాలు చెబుతున్నాడు. ఆకాశం మసకగా ఉండి గురి కుదరక విమానం నాగసాకికి మళ్లింది. కొన్ని వారాల తర్వాత నాగసాకి వెళ్లిన ఆయన, పేలుడు కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ చెట్లు వెలుపలికి వాలి ఉండటం చూశాడు. ముప్పై ఏళ్లకు అమెరికాలో గాలివాన దెబ్బతిన్న చోట్లను విమానంలోంచి చూస్తుంటే అదే నక్షత్రపు ఆకారం కనిపించింది. మేఘంలోంచి బరువైన చల్లగాలి కుండపగిలినట్టు నేలకు దిగి నలుదిక్కులకూ చిమ్ముతోందని గ్రహించి దానికి డౌన్‌బరస్ట్ అని పేరుపెట్టాడు. టోర్నడోల తీవ్రతను కొలిచే ఎఫ్ స్కేలు కూడా 1971లో ఆయన ఇచ్చిందే.

ఆ చూపు మన తోటలకూ పనికొస్తుంది. చెట్లన్నీ ఒకే వైపుకు, లేదా ఒక చోటి నుంచి విసనకర్రలా విచ్చుకుని పడ్డాయంటే పైనుంచి దిగిన గాలి పని. సన్నటి బాట వెంట ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా, బాట మధ్యకు తలలు పెట్టి పడ్డాయంటే సుడి తిరిగిన గాలి. తిరువూరు వైపు వేసవిలో ఎక్కువగా వచ్చేది మొదటి రకమే. పెద్దవాళ్లు రెంటినీ సుడిగాలే అంటారు, నష్టపోయినవాడికి తేడా ఏముంది!

వేసవి దుమ్ము సుడి, ఆ పొలం గట్టు మీద గిర్రున తిరిగి పోయేది, ఈ రెంటిలో ఏదీ కాదు. దానికి మేఘంతో పనిలేదు, కాలిన నేల చాలు.

ఒకే రోజు, రెండు గాలులు

2024 మే 26 రాత్రి బెంగాల్, బంగ్లాదేశ్ తీరాన్ని ఒక తుఫాను తాకింది. దాని పేరు రెమాల్. ఒమన్ దేశం పెట్టిన పేరది, ఇసుక అని అర్థం. రోజుల ముందు నుంచే దాని దారి పటాల మీద గీశారు, లక్ష మందికి పైగా జనాన్ని తరలించారు. సరిగ్గా అదే ఆదివారం సాయంత్రం తెలంగాణ పల్లెల మీద ఈదురుగాలులు విరుచుకుపడి పదిమందికి పైగా పోయారు. నాగర్‌కర్నూలు జిల్లాలో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి దాని కింద పనివాళ్లు నలిగిపోయారు. ఆ గాలికి పేరు లేదు. 2004 నుంచి మన సముద్రాల తుఫాన్లకు పేర్లున్నాయి, హుద్‌హుద్ అనగానే విశాఖ గుర్తొస్తుంది. అరగంటలో వచ్చిపోయే గాలికి పేరు పెట్టే తీరికెక్కడిది?

ముందుగా పసిగట్టడం ఎందుకు కష్టం అంటే, తుఫాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, దాన్ని ఉపగ్రహం చూస్తుంది. మన వేసవి మేఘం ఒకటి రెండు మండలాల మేర ఉంటుంది, గంటలో పుట్టి గంటలో పోతుంది. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. తిరువూరు దానికి వంద కిలోమీటర్ల పైమాటే. భూమి గుండ్రం కాబట్టి అంత దూరం వచ్చేసరికి రాడార్ కిరణం నేలకు కిలోమీటరు పైనుంచి పోతుంది. తోటలో ఏం జరుగుతోందో దానికి ఆనదు. అయినా వాతావరణ శాఖ మూడు గంటల ముందు ఇచ్చే హెచ్చరికలను కొట్టిపారేయకండి. కల్లంలో మిర్చి మీద పట్టాలు కప్పడానికి ఆ సమయం చాలు.

ఇక పిడుగులు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్కతేలాయి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీకు అందే దూరంలో ఉన్నట్టే. తాటిచెట్టు కింద, మామిడిచెట్టు కింద నిలబడకండి. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగండి.

మళ్లీ టోర్నడోల సంగతికొస్తే, ప్రపంచంలో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నది అమెరికాలో రాలేదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని సాటూరియా, దౌలత్‌పూర్ పల్లెల మీద పడింది. సుమారు 1300 మంది చనిపోయారు. అమెరికాలో 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో ఒక్క రోజు వ్యవధిలో 148 టోర్నడోలు 13 రాష్ట్రాల్ని తాకితే పోయినవాళ్లు మూడొందల పైచిలుకు. తేడా గాలిది కాదు, గోడలదీ సైరన్లదీ. 2019 అక్టోబరు 20 రాత్రి డాలస్‌లో ఇళ్లను పెకలించిన టోర్నడోకి ఒక్కరూ చనిపోలేదు. మన తెలుగువాళ్లు వేలమంది ఉంటున్న నగరమది.

గాలి లెక్క, రూపాయి లెక్క

2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన సాయం నిబంధనల్లో 12 విపత్తులున్నాయి. తుఫాను ఉంది, వడగళ్లు ఉన్నాయి, హిమపాతం కూడా ఉంది. ఈదురుగాలి లేదు, సుడిగాలి లేదు. జాబితాలో ఉన్న విపత్తు వచ్చి 33 శాతం పైగా పంట పోతే, మామిడిలాంటి బహువార్షిక తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు ఇవ్వాలని ఆ నిబంధనల్లో ఉంది. పది మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు వంద చెట్లు. అంటే చెట్టుకు 225 రూపాయలు. అంటుమొక్క పెరిగి నిండుగా కాయడానికి పదేళ్లు పడుతుంది. ఈ లెక్క అన్యాయం. మామిడి తోటలున్న జిల్లాల్లోనైనా ఈదురుగాలిని విపత్తుగా గుర్తించాలి.

అందుకే తోటలున్నవాళ్లకు ఒక మనవి. గాలి తగ్గాక రాలిన కాయలు ఏరడానికి ముందు ఫోన్ తీయండి. పడిన చెట్లు ఏ దిక్కుకు తల పెట్టాయో తెలిసేలా ఫొటోలు తీసుకోండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు వీచిందో రాసిపెట్టండి. పంట బీమా ఉంటే 72 గంటల్లోపు చెప్పాలి. రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా ఇచ్చి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.