కథ ముందే తెలిస్తే: సినిమా ముగింపు వెల్లడి – రసభంగ విచారణ

వ్యాససంగ్రహం:
సినిమా కథను, ముఖ్యంగా దాని ముగింపును, ఇంకా చూడనివారికి చెప్పేయడం ప్రేక్షకులకు చిరాకు కలిగిస్తుంది. తెలిసిన కథనే పదేపదే విని, చూసి ఆనందించిన తెలుగు సంప్రదాయంలో ఈ చిరాకుకు ఆధారం ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ప్రఖ్యాత, ఉత్పాద్య వస్తుభేదం, సంధుల నిర్మాణం, ఔచిత్యం అనే భావనల వెలుగులో ‘మాయాబజార్’, ‘కళాపూర్ణోదయం’, ‘బాహుబలి’ కథనాలను పోల్చి, రసభంగానికి కారణం కథ తెలియడం కాదని, తెలిసే క్రమం చెదరడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రసభంగం, ఉత్పాద్యవస్తువు, నిర్వహణసంధి, కొసమెరుపు, ఔచిత్యం, సినిమా సమీక్ష.

1. ఉపోద్ఘాతం:
2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి: ది బిగినింగ్’ ఒక ప్రశ్నతో ముగిసింది. అమరేంద్ర బాహుబలిని చంపింది తానేనని కట్టప్ప చెప్పాడు. ఎందుకు చంపాడో చెప్పలేదు. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేదాకా, అంటే దాదాపు ఇరవై రెండు నెలల పాటు, ఆ ప్రశ్న తెలుగువారి ఇళ్లలోనే కాక దేశమంతటా నలిగింది. విడుదలైన రోజు మొదటి ఆట చూసి బయటికి వచ్చిన ప్రతి ప్రేక్షకుడి దగ్గరా దానికి జవాబు ఉంది. సాయంత్రం ఆటకు టికెట్టు కొనుక్కున్నవాడు ఆ జవాబు చెవిన పడకుండా పగలంతా గడపవలసి వచ్చింది. ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పేస్తే అతనికి కలిగే కోపాన్ని చిన్నపిల్లల అలకగా కొట్టిపారేయడం తేలిక. దాని కారణాన్ని వివరించడం అంత తేలిక కాదు.

ఎందుకంటే తెలుగు శ్రోత కథ ముందే తెలిసినవాడు. రామాయణాన్ని ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని మూడు మాటల్లో ముగింపుతో సహా చెప్పేసిన సమాజమిది. ఆ మూడు మాటలూ తెలిసినవారే హరికథకు, తోలుబొమ్మలాటకు, పద్యనాటకానికి తెల్లవార్లూ కూర్చున్నారు. అలాంటి సమాజంలో ముగింపు తెలియడం నష్టమెలా అయింది?

2. పదం – పూర్వచరిత్ర:
ఇలాంటి వెల్లడికి నేడు వాడుకలో ఉన్న మాట ‘స్పాయిలర్’. 1971లో అమెరికన్ హాస్యపత్రిక ‘నేషనల్ లాంపూన్’లో డగ్లస్ కెన్నీ ఇదే శీర్షికతో ప్రసిద్ధ సినిమాల, నవలల ముగింపులను వరసగా చెప్పేస్తూ ఒక వ్యంగ్యరచన చేశాడు. అయితే మాట కన్నా జాగ్రత్త పాతది. 1952 నవంబరులో లండన్‌లో మొదలైన అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ ముగిశాక, హంతకుడెవరో బయట చెప్పవద్దని ప్రేక్షకులను కోరడం ఆనవాయితీ అయింది. 1955 నాటి ఫ్రెంచి చిత్రం ‘లే డియాబొలీక్’ చివర అలాంటి విన్నపమే తెరమీద కనిపిస్తుంది. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వవద్దని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ నియమం పెట్టాడు.

తెలుగులో ఈ జాగ్రత్తకు సొంత రూపం ఉంది. సినిమాహాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం ఉండేది. అది కథానాయకుణ్ణి చిక్కుల్లోకి దించి, సరిగ్గా ముడి బిగిసిన చోట ఆగి, మిగతాది వెండితెరపై చూడమనేది. కథను ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ ఆగాలో తెలిసిన సంక్షేపకళ అది. అదే కాలంలో సినిమా కథను పూర్తిగా చెప్పే వెండితెర నవలలు, ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రాలు కూడా ఆదరణ పొందాయి. వెల్లడిని నిషేధించడం, కోరి ఆహ్వానించడం రెండూ ఒకే ప్రేక్షకసమాజంలో పక్కపక్కనే ఉన్నాయన్నమాట. సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ సహజీవనమే ఆధారం.

3. తెలిసిన కథలో రసస్థానం:
ధనంజయుని ‘దశరూపకం’ ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించింది. ఇతిహాస పురాణాల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి కల్పించినది ఉత్పాద్యం. రెంటి కలయిక మిశ్రం. ప్రఖ్యాతవస్తువులో ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు చోటు తక్కువ. ‘ఎలా జరుగుతుంది’ అన్నదే ప్రధానం. తిరుపతి వేంకటకవుల ఉద్యోగపర్వ నాటకాలకు వెళ్లినవారు రాయబారం ఫలిస్తుందో లేదో తెలుసుకోవడానికి వెళ్లలేదు. ఈ కృష్ణుడు ఈ రాత్రి ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో వినడానికి వెళ్లారు. నచ్చితే మళ్లీ పాడించుకున్నారు.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’ ఈ సంప్రదాయానికి తెరరూపం. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేకపోయినా, నాటకాల ద్వారా, అంతకుముందరి చిత్రం ద్వారా జనానికి పరిచయమైనదే. అంతకన్నా ముఖ్యమైన విషయం చిత్రం లోపల ఉంది. పెళ్లికూతురి రూపంలో ఉన్నది ఘటోత్కచుడని ప్రేక్షకుడికి తెలుసు, కౌరవపక్షానికి తెలియదు. మాయాశశిరేఖ లక్ష్మణకుమారుణ్ణి హడలగొట్టినప్పుడు పుట్టే హాస్యమంతా ఈ తేడా మీదే నిలిచింది. ఈ రహస్యాన్ని ప్రేక్షకుడి దగ్గర దాచి, చివర బయటపెట్టి ఉంటే క్షణకాలం ఆశ్చర్యం దక్కేది. అరగంట నవ్వు పోయేది. ‘అభిజ్ఞాన శాకుంతలం’లోనూ దుర్వాసుని శాపం చెలికత్తెలకూ ప్రేక్షకులకూ తెలుసు, శకుంతలకు తెలియదు. ఆమె నిశ్చింతే చూసేవారి గుండెను బరువెక్కిస్తుంది. తెలియడం రసానికి శత్రువు కాదనడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

4. కల్పితకథ – క్రమమే కథ:
ఉత్పాద్యవస్తువు పరిస్థితి వేరు. ప్రేక్షకుడి మనసులో ముందే ఉన్న కథ ఏదీ లేదు కాబట్టి, రచయిత ఏది ముందు చెప్పి ఏది వెనక చెబుతాడో ఆ క్రమమే అక్కడ కథ అవుతుంది. నాట్యశాస్త్రం చెప్పిన ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులు ఈ క్రమానికి శాస్త్రరూపాలు. బీజం ముఖసంధిలో పడుతుంది. గర్భసంధిలో దొరికినట్టే దొరికి చేజారుతుంది. నిర్వహణలో చెదిరిన అర్థాలన్నీ ఒకచోట చేరతాయి. నిర్వహణలో అద్భుతరసం ఉండాలని భరతుడు చెప్పడం గమనార్హం. విడివిడిగా చూసిన విషయాలు ఒక్కసారిగా ఒకే రూపు దాల్చినప్పుడు కలిగే విస్మయం అది. దాన్ని ముందే చెప్పేస్తే సమాచారం మిగులుతుంది, విస్మయం మిగలదు.

తెలుగు సాహిత్యంలో దీనికి గొప్ప ఉదాహరణ పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. పదహారో శతాబ్దపు ఈ ప్రబంధంలో పాఠకుడు కలభాషిణి, మణికంధరుడు, రంభా నలకూబరులు, మణిస్తంభుడు, సుముఖాసత్తి వంటి పాత్రల వెంట ఎన్నో మలుపులు తిరుగుతాడు. వీరి జీవితాలకు మూలమైన బ్రహ్మసరస్వతుల వృత్తాంతం, కావ్యం మధ్యభాగంలో పసిపాప మధురలాలస నోట బయటపడుతుంది. కాలక్రమంలో మొదటిదైన సంఘటన కథనక్రమంలో వెనక్కి వెళ్లడమే ఈ కావ్యనిర్మాణం. బ్రహ్మసరస్వతులతో మొదలుపెట్టి కథను వరసగా సంగ్రహించి చెబితే సంఘటన ఒక్కటీ పోదు. సూరన మాత్రం పోతాడు.

రామరాజభూషణుడు కల్పితకథలను కృత్రిమరత్నాలతోనూ, పురాణకథలను సహజరత్నాలతోనూ, మిశ్రకథలను సానపట్టిన జాతిరత్నాలతోనూ పోల్చాడు. ఈ తారతమ్యాన్ని అంగీకరించినా లేకున్నా ఒక సంగతి ఇక్కడ అన్వయిస్తుంది. కృత్రిమరత్నానికి విలువంతా చేతిపనిలో ఉంటుంది. ఆ పనిని చెడగొడితే చూపించడానికి అడుగున సహజమణి ఉండదు.

5. ‘బాహుబలి’: సగం చెప్పిన రహస్యం:
రాజమౌళి దర్శకత్వంలో, విజయేంద్రప్రసాద్ కథతో వచ్చిన ‘బాహుబలి’ పై రెండు పద్ధతులనూ కలిపింది. అమరేంద్ర బాహుబలి చనిపోతాడని, చంపేది కట్టప్ప అని మొదటి భాగమే చెప్పేసింది. కాబట్టి రెండవ భాగంలో కుంతలరాజ్యంలో బాహుబలి వెంట ఉండి కట్టప్ప నవ్వించే సన్నివేశాలను ప్రేక్షకుడు ఉత్త హాస్యంగా చూడలేడు. ఆ చేతులే చంపుతాయన్న ఎరుక నవ్వు వెనక కరుణను నిలుపుతుంది. ఇది ప్రఖ్యాతకథల పద్ధతి. కారణాన్ని మాత్రం దాచి, దానికోసం ప్రతి పాత్ర మాటనూ ప్రేక్షకుడు జాగ్రత్తగా వినేలా చేసింది. ఇది ఉత్పాద్యకథల పద్ధతి.

కట్టప్ప చంపాడని దర్శకుడు చెప్పడం, ఎందుకు చంపాడో తోటి ప్రేక్షకుడు చెప్పడం పైకి ఒకే జాతి పనుల్లా కనిపిస్తాయి. మొదటిది కథనంలో భాగం. రెండవది కథనాన్ని కథకుడి చేతిలోంచి లాక్కోవడం. అన్నీ తెలిసిన ప్రేక్షకులకోసమే 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’గా మళ్లీ విడుదల చేశారు. పదేళ్లలో ఆ ఉత్పాద్యకథ దాదాపు ప్రఖ్యాతమైంది. ఇక జవాబు చెప్పేవారిని చూసి ఎవరూ చెవులు మూసుకోరు. వెల్లడి వల్ల కలిగే నష్టం కాలంతో తగ్గుతుందనడానికి ఇది నిదర్శనం.

6. ప్రయోగాలు చెప్పినదేమిటి?
2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోకు చెందిన జొనాథన్ లీవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ పన్నెండు కథానికలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసినవారు ఆ కథలను సగటున ఎక్కువగానే ఇష్టపడ్డారని వారు నిర్ధారించారు. 2015లో బెంజమిన్ జాన్సన్, జూడిత్ రోజెన్‌బామ్ ప్రచురించిన పరిశోధన దీనికి భిన్నంగా వచ్చింది: ముందే తెలియని కథలే ఎక్కువ వినోదాన్నీ ఉత్కంఠనూ కలిగించాయి.

మొదటి ఫలితాన్ని చూపి చిరాకుపడేవారిని తప్పుపట్టడం తొందరపాటు. ప్రయోగంలో పాల్గొన్నవారు పరిశోధకులు ఇచ్చిన కథను చదివారు. ఆ కథకోసం రెండేళ్లు ఎదురుచూడలేదు. పైగా ముగింపు తెలిసి చదవడంలో సుఖం ఉందన్నది నిజమే. మంచి కథను రెండవసారి చదివేవారందరూ పొందేది ఆ సుఖమే. రెండవ అనుభవాన్ని ఎన్నిసార్లయినా పొందవచ్చు. మొదటి అనుభవం ఒక్కసారే దొరుకుతుంది. ముగింపు ముందే విన్నవాడికి మొదటిసారి చూడడం లేకుండానే రెండవసారి చూడడం మొదలవుతుంది. అతను పోగొట్టుకున్నది తిరిగి ఇవ్వగలిగేవారు లేరు. చిరాకుకు మూలం ఇక్కడ ఉంది.

7. అనౌచిత్యమే కారణం:
అనౌచిత్యం తప్ప రసభంగానికి మరో కారణం లేదని ఆనందవర్ధనుడు చెప్పాడు. క్షేమేంద్రుడు ఔచిత్యస్థానాల్లో దేశకాలాలను కూడా చేర్చాడు. వారు చర్చించినది కావ్యంలోని ఔచిత్యం. దాన్ని కావ్యం చుట్టూ సాగే సంభాషణకు విస్తరిస్తే సమస్య స్పష్టమవుతుంది. ఒకే వాక్యం సినిమా చూసినవారి మధ్య చర్చ అవుతుంది. టికెట్టు వరసలో నిలబడినవారి దగ్గర రసభంగం అవుతుంది.

అభినవగుప్తుడు పేర్కొన్న రసవిఘ్నాలు కూడా ఇక్కడ ఉపకరిస్తాయి. తన సుఖదుఃఖాలకు వశుడైనవాడు రసాస్వాదం చేయలేడన్నది వాటిలో ఒకటి. ముగింపు విన్న ప్రేక్షకుడు హాల్లో కూర్చుని ‘ఆ సన్నివేశం ఎప్పుడొస్తుందా’ అని లెక్కపెడుతుంటాడు. పాత్రల ఆందోళనలో పాలుపంచుకోవలసినవాడు తన నష్టాన్ని తలచుకుంటూ ఉండిపోతాడు. సినిమా మారలేదు; అతని సహృదయత్వానికి అడ్డు తగిలింది.

8. సమీక్షకుడు, విమర్శకుడు, అధ్యాపకుడు:
ముగింపులను చర్చించకూడదంటే విమర్శే సాగదు. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో సూరన కథానిర్మాణాన్ని వివేచించగలిగింది కథను మొత్తంగా చూసినందువల్లనే. విమర్శ చదివినవారికోసం, సమీక్ష చూడబోయేవారికోసం. సమీక్షకుడికి పాటల పుస్తకమే కొలత: ముడి దాకా చెప్పవచ్చు, ముడి విప్పరాదు. ‘చివర ఊహించని మలుపు ఉంది’ అనడం కూడా సగం వెల్లడే. ఆ మాట విన్నవాడు ప్రతి పాత్రనూ అనుమానంగా చూస్తాడు. విమర్శకుడికి ముగింపు మీద పూర్తి హక్కు ఉంది. అయితే ఆ రహస్యాన్ని శీర్షికలోనో మొదటి వాక్యంలోనో పెట్టకపోవడం మర్యాద.

తరగతి గదికి కూడా ఈ చర్చ వర్తిస్తుంది. పాఠ్యభాగానికి ముందు కథాసంగ్రహం చెప్పడం బోధనలో అలవాటు. భారతఘట్టానికి అది మేలే చేస్తుంది. సందర్భం తెలిస్తే పద్యం మీద దృష్టి నిలుస్తుంది. కొసమెరుపు మీద నిలిచిన ఆధునిక కథానికకు అదే పద్ధతి పాటిస్తే, విద్యార్థి కథను చదవకముందే అతని చేతిలో జవాబు మాత్రం మిగులుతుంది. వస్తుభేదాన్ని బట్టి బోధనక్రమం మారాలి.

9. ముగింపు:
సినిమా కథ ముందే చెప్పేసినప్పుడు కలిగే చిరాకు తెలుగు రససంప్రదాయానికి విరుద్ధం కాదు. ప్రఖ్యాతకథలో క్రమం అందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ రసం ప్రదర్శనలో ఉంది. కల్పితకథలో క్రమం రచయిత సొత్తు. అక్కడ రసం ఆ క్రమంలోనూ ఉంది. దాన్ని మరొకరు చెదరగొట్టడం అనౌచిత్యం. వస్తువు, కాలం, వినేవారి స్థితి అనే మూడింటిని బట్టి దాని తీవ్రతను నిర్ణయించాలి. ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అన్నవారు రామాయణానికి ఏ నష్టమూ చేయలేదు, విన్నవారందరికీ ఆ కథ అప్పటికే తెలుసు కాబట్టి. నిన్న విడుదలైన సినిమాను మూడు మాటల్లో చెప్పేవారికి ఆ వెసులుబాటు లేదు.