ఇనుము తుప్పు పట్టుట – నివారణోపాయాలు

గాలి, తడి రెండూ కలిసి తాకినచోట ఇనుము తుప్పు పడుతుంది. తడిసిన ఇనుముపై ఒక చోట లోహం కరిగి ఎలక్ట్రాన్లను విడుస్తుంది. మరొక చోట నీరు, ఆక్సిజన్ వాటిని గ్రహిస్తాయి. ఫలితంగా ఎర్రని ఐరన్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడ్ పొర లోహాన్ని అంటిపెట్టుకొని కాపాడుతుంది. తుప్పు మాత్రం పొరలుగా రాలి, లోపలి ఇనుమును మరల గాలికి, తడికి అప్పగిస్తుంది. నీటిలో ఉప్పు ఉన్నచో ఈ క్షయం వేగవంతమవుతుంది.

కిటికీలు, గేట్లు, రేకులు

రాజపాళయంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు కురుస్తాయి. అంతకు ముందే ఇనుప వస్తువులను పరిశీలించుకోవడం మేలు. తుప్పును వైర్ బ్రష్‌తోను, గరుకు కాగితంతోను పూర్తిగా గీకి, తుడిచి, ఆరబెట్టాలి. తరువాత రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, అది ఆరిన పిమ్మట రంగు వేయాలి. తుప్పు మీదనే రంగు వేస్తే అది కొద్దికాలంలోనే ఊడిపోతుంది. జింక్ పూత గల జీఐ రేకులు ఎక్కువ కాలం మన్నుతాయి. పూతపై గీత పడినప్పటికీ ముందుగా జింకే క్షయించి ఇనుమును కాపాడుతుంది.

పైకప్పులో దాగిన ప్రమాదం

కాంక్రీటుకు గల క్షారగుణం లోపలి చువ్వలను రక్షిస్తుంది. ఏళ్ళ తరబడి బొగ్గుపులుసు వాయువు లోనికి చొరబడినప్పుడు, లేదా కాంక్రీటులో ఉప్పు చేరినప్పుడు ఆ రక్షణ నశిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటె రెట్టింపునకు మించిన చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి, పెచ్చులు ఊడి, క్రింద నిద్రించువారి మీద పడవచ్చు.

కప్పుపై ఎర్రని చారలు, చువ్వ వెంబడి పగుళ్ళు దీనికి తొలి గుర్తులు. వాటిపై సిమెంటు మెత్తి కప్పిపుచ్చరాదు. ముందుగా డాబాపై నీరు ఇంకే చోటును సరిచేయించి, ఇంజనీరు సలహాతో వదులైన కాంక్రీటు తొలగించి, చువ్వలను శుభ్రపరచి, తుప్పు నిరోధక పూత వేయించాలి. అద్దె ఇంటివారు ఈ గుర్తులను గమనించిన వెంటనే యజమానికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, ఆ చోటున మంచాలు, ఉయ్యాలలు ఉంచకుండా జాగ్రత్త వహించాలి. క్రొత్త కట్టడాలలో ఉప్పునీటితో కాంక్రీటు కలపరాదు. చువ్వలు పలకకు ఆనకుండా కవర్ బిళ్ళలు తప్పక అమర్చాలి.

ఢిల్లీలోని మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉంది. దాని ఇనుములో అధికంగా ఉన్న భాస్వరం వలన రక్షక పొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు వివరించారు. నేటి గృహాలలోని ఇనుముకు ఆ గుణం లేదు. గృహస్థుల శ్రద్ధయే దానికి రక్షక పొర.