కళ్లకు గంతలు, చెవులకు పని

ఒకే వార్డులో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నా, ఒకరి మాట మరొకరికి సరిగా చేరుతోందా అన్నది వేరే సంగతి. రాత్రి డ్యూటీలో ఫోనులో చెప్పిన 'ఫిఫ్టీన్' అవతల 'ఫిఫ్టీ'గా వినబడితే రోగికి వెళ్లే మందు మూడు రెట్లకు మించిపోతుంది. ఈ జాగ్రత్త ఉపన్యాసాలతో ఒంటబట్టదు. అందుకే మేము సిబ్బందితో ఒక ఆట ఆడిస్తాము.

ఖాళీ హాలు, కొన్ని కుర్చీలు, సెలైన్ సీసాలు వచ్చిన అట్టపెట్టెలు చాలు. వాటిని అడ్డదిడ్డంగా పరచి, ఇద్దరిద్దరిని జతచేయాలి. ఒకరికి గంతలు కట్టాలి. రెండవవారు పక్కన నిలిచి, ముట్టుకోకుండా మాటలతోనే దాటించాలి. నియమం ఒక్కటే: "కుడికి రెండడుగులు" అని వినగానే నడవకూడదు. అదే మాట తిరిగి చెప్పి, "అవును" అనిపించుకున్నాకే అడుగు వేయాలి. ఫోనులో మందు చెప్పినప్పుడు కూడా రాసుకుని, "ఒకటి, అయిదు, పదిహేనేనా?" అని చదివి వినిపించడం ఇదే పద్ధతి.

గంతలు డాక్టరుగారికి కట్టి, దారి ఆయమ్మ చేత చెప్పించండి. మొదట "కొంచెం అటండీ" అంటుంది. అటంటే ఎటు? మర్యాదలో పడి అసలు మాట మింగేస్తుంది. పెట్టె కాలికి తగలబోతున్నప్పుడు "ఆగండి!" అని గట్టిగా అనగలిగితే ఆట సగం ఫలించినట్టే. రెండవసారి అన్ని జతలనూ ఒకేసారి నడిపించండి. ఆ గోల అచ్చం మన క్యాజువాలిటీలాగే ఉంటుంది!

ప్రతి జతకు పట్టుకునేందుకు మూడవ మనిషి ఉండాలి. గర్భిణులకు, కళ్లు తిరిగేవారికి, ఇష్టం లేనివారికి గంతలు కట్టవద్దు. వారు దారి చెప్పవచ్చు. వెనక్కి పడిపోతే మిగిలినవారు పట్టుకునే ఆట మాత్రం మాకు నచ్చదు. గచ్చు మీద తల పగిలితే ఎవరు జవాబుదారి?

తరువాత పావుగంట మాట్లాడుకోవాలి. చిన్న ఉద్యోగులు ముందు, పెద్ద డాక్టర్లు చివర.

ఇది వట్టి కాలక్షేపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు ప్రతివారూ తమ పేరు, పని చెప్పుకోవాలని ఉంది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దానిని వాడి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయి. అదంతా మాటల వల్లనే అనలేము, చెక్‌లిస్టులో ఇంకా చాలా అంశాలున్నాయి.

ఒక మధ్యాహ్నం ఆటతో అలవాటు మారదు. మరుసటి ఉదయం డ్యూటీ అప్పగించేటప్పుడే, మంచం పక్కన నిలబడి, విన్నది తిరిగి చెప్పడం మొదలుపెట్టండి.